ఎనభై మూడో పేజీ

నేను ఒక పుస్తకాన్ని. అరచేతిలో ఇమిడేంత దాన్ని. ఎర్ర గుడ్డ అట్ట, నూట ముప్పై రెండు పేజీలు, పేజీకి నాలుగో ఐదో వాక్యాలు. ఒకచోట కుదురుగా ఉండే యోగం నాకు పుట్టుకతోనే లేదు. అలమరలో నిలబడి హాయిగా దుమ్ము పట్టించుకునే లావుపాటి పుస్తకాలను చూస్తే నాకు ఇప్పటికీ అసూయే. నన్ను మాత్రం జేబుల్లో వేసుకు తిరిగారు, తలగడ కింద నలిపారు, ఓడ ఎక్కించారు, రైల్లో మరిచిపోయారు.

పుట్టింది స్పెయిన్ దేశంలో, ఒక చిన్న సందు చివరి అచ్చుకూటంలో. నన్ను కూర్చినవాడు అన్సెల్మో అనే ముసలి ప్లీడరు. మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి స్పానిష్ నాటకాలూ కథలూ ఉత్తరాలూ తిరగేసి, బతుకు గురించీ మనిషి బుద్ధి గురించీ అందులో ఉన్న మంచి మాటలన్నీ ముప్పై ఏళ్ళపాటు చీటీల మీద ఎక్కించుకున్నాడు. అసూయ గురించి, స్నేహం గురించి, నోటి దురుసు గురించి, ముసలితనం గురించి. ఓర్పు గురించే నాలో పదకొండు పేజీలున్నాయి. ఆ పదకొండు పేజీలు అచ్చవుతున్న వారమంతా ఆయన రోజూ వచ్చి, పని ఆలస్యమవుతోందని బల్ల గుద్ది అరిచేవాడు. అక్షరాలు పేర్చే ఆవిడ తల ఎత్తకుండా ఓర్పు గురించిన పేజీ పేరుస్తూ ఉండేది. మనుషులతో నా తొలి పరిచయం అది.

ఆ తరవాత ఎన్ని చేతులు మారానో వరసగా చెప్పలేను. ఒక ఓడ డాక్టరు మందుచీటీలు ఎగిరిపోకుండా నన్ను బరువు పెట్టేవాడు. ఒక వితంతువు నాలో స్నేహం గురించిన వాక్యాలకు గీతలు పెట్టి, ఆ గీతల పుస్తకాన్ని తనతో మాటలు మానేసిన స్నేహితురాలికి పంపింది. చివరికి ఇండియా నుంచి స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక నర్సు చేతికొచ్చాను. ఆవిడ బొంబాయి వెళ్ళే రైల్లో నన్ను ఒళ్ళో పెట్టుకుని ఒక్క పేజీ తిప్పకుండా ఏడ్చింది. దిగేటప్పుడు గొడుగు గుర్తుంది, నేను గుర్తు లేను.

అలా ఆ పెట్టెలోనే తిరుగు ప్రయాణం చేసి, పంతొమ్మిది వందల అరవై నాలుగులో, రాయలసీమలో నాలుగు దిక్కులకూ పట్టాలు పోయే ఒక పెద్ద జంక్షన్ పార్సిల్ ఆఫీసుకు చేరాను. పోయిన సామాన్ల గదిలో ఆరు నెలలు ఒక టిఫిన్ క్యారియరుకూ, జత లేని చెప్పుకూ మధ్య పడి ఉన్నాను. నాకోసం ఎవరూ రాలేదు. గడువు తీరాక నన్ను చెత్తబుట్టలో వేయబోయిన ప్యూను చేతిలోంచి పార్సిల్ క్లర్కు కంబగిరి లాక్కున్నాడు.

కంబగిరికి అప్పుడు నలభై రెండేళ్ళు. బక్కపల్చటి మనిషి. కుర్చీలో కూర్చుంటే మోకాలు ఆడుతూనే ఉండేది. చదివింది ఎస్సెస్సెల్సీ. కానీ జంక్షన్‌లో పుట్టి, జంక్షన్‌లోనే పని చేస్తున్నవాడు కనక తెలుగూ కన్నడమూ ఉర్దూ తమిళమూ తడబడకుండా మాట్లాడేవాడు, ఇంగ్లీషు తడుముకోకుండా రాసేవాడు. తన కౌంటరు మీదికొచ్చిన ఒక వస్తువు ఏ భాషలో ఉందో తెలియకపోవడం ఆయనకు అవమానంలా తోచింది. నన్ను తిప్పి తిప్పి చూసి, "ఏం భాషప్పా ఇది? ఇంగ్లీషుకు చుట్టం మాదిరుండాదే గానీ ఒక్క ముక్క అర్థం కాల్యా," అన్నాడు.

అది స్పానిష్ అని గార్డు డేనియల్ ఎవరినో అడిగి కనుక్కొచ్చాడు. డేనియలే మద్రాసు మూర్ మార్కెట్టులో వెతికి, అట్ట లేని స్పానిష్-ఇంగ్లీషు డిక్షనరీ ఒకటి తెచ్చిచ్చాడు. అక్కడ మొదలైంది. నాలుగేళ్ళు. రోజుకు ఒక వాక్యం, కొన్నాళ్ళు వారానికి ఒకటి. పాడైన రైల్వే ఫారాల వెనకవైపు తెలుగులో రాసుకునేవాడు, కొట్టేసేవాడు, మళ్ళీ రాసేవాడు. నేనూ ఆయన నోట నలిగి నలిగి తెలుగు నేర్చుకున్నాను. ఆయన చొక్కా జేబే నా ఇల్లయింది. ఆ గుండె ఎప్పుడూ బండి అందుకోబోతున్నవాడి గుండెలా కొట్టుకునేది.

కొద్ది నెలల్లోనే ఆయనకు 'స్పెయిన్ స్వామి' అని పేరు పడింది. టీ వేళకు కౌంటరు దగ్గర జనం చేరేవారు.

"ఈపొద్దు ఏమంటాది స్వామీ నీ బుక్కు?" అని అడిగేవాడు డేనియల్.

కంబగిరి చదివేవాడు. లోభి గురించి చదివితే అందరూ స్టేషను మాస్టరు గది వైపు చూసి నవ్వుకునేవారు. వాగుడు గురించి చదివితే డేనియల్ వైపు చూసేవారు. డేనియల్ ప్యూను వైపు చూసేవాడు. నాలుగేళ్ళలో ఒక్కడు కూడా నా వాక్యం విని తనవైపు చూసుకోలేదు. మూడు వందల ఏళ్ళ కిందట స్పెయిన్‌లో ఎవరో ఎవరి గురించో రాసిన మాట ఇక్కడ పక్కవాడికి అంత చక్కగా సరిపోతున్నందుకు మాత్రం అందరూ ఆశ్చర్యపోయేవారు.

ఎనభై మూడో పేజీ దగ్గర కంబగిరి ఆగిపోయాడు.

ఎందుకు ఆగాడో చెప్పాలంటే ఆయన అక్క సంగతి చెప్పాలి. తల్లి పోయేనాటికి కంబగిరికి ఐదేళ్ళు. పద్నాలుగేళ్ళ అక్క తిప్పమ్మ వాణ్ణి సంకనేసుకుని పెంచింది. పెళ్ళయి ఆదోని వెళ్తూ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకు వెళ్ళింది. ఆదోని పత్తి మార్కెట్టు దగ్గర ఉగ్గాని, బజ్జీల అంగడి పెట్టుకుని వాణ్ణి చదివించింది. మొగుడు తాగుబోతు, కొట్టేవాడు. కంబగిరికి ఉద్యోగం వచ్చి, సొంత సంసారం ఏర్పడ్డాక, ఒకనాడు అక్క మొహం మీద దెబ్బ చూసి ఆగలేకపోయాడు. బావను పత్తి మార్కెట్టులో నలుగురి ఎదుటా పట్టుకుని కొట్టాడు. అక్క సంతోషిస్తుందనుకున్నాడు. తిప్పమ్మ పరుగున వచ్చి మొగుడికి అడ్డం నిలబడి, అదే నలుగురి ఎదుటా తమ్ముణ్ణి తన గడప తొక్కొద్దంది. నేను ఆయన చేతికి చేరడానికి ఐదేళ్ళ ముందు జరిగిందది. ఆ గొడవైన నాలుగేళ్ళకు బావ చచ్చిపోయాడు. కబురు మర్నాటికి గానీ అందలేదనీ, అప్పటికే అంతా అయిపోయిందనీ, అందుకే వెళ్ళలేదనీ కంబగిరి అందరికీ చెప్పేవాడు. ఆయన భార్య సుంకమ్మకూ అదే చెప్పాడు. నేనూ అదే నమ్మాను.

ఎనభై మూడో పేజీలో అయినవాళ్ళ మధ్య తగాదా గురించి ఒక వాక్యం ఉంది. చిన్నదే, రెండు క్రియలు. మొదటిదానికి మా భాషలో రెండర్థాలు: ఎదురుచూడడం, ఆశ పెట్టుకోవడం. రెండోదాన్ని కూర్చోవడం అనుకోవచ్చు, తొందరపడితే బాధపడడం అనీ అనుకోవచ్చు. ఆ వాక్యం రాసినవాడి ఉద్దేశం ఒకటే. తగాదాపడ్డవాళ్ళలో ఎవరికి ఇంకా ఆశ ఉందో వాళ్ళు ఇంట్లో కూర్చోకుండా లేచి వెళ్ళాలని. కంబగిరి నెలన్నర రోజులు కుస్తీ పట్టి, చివరికి ఫారం వెనక రాసుకున్నది వేరు. అవతలివాళ్ళు వస్తారని ఎదురుచూసేవాడు అందుకు బాధపడనక్కర్లేదని రాసుకున్నాడు.

ఆ సాయంత్రం ఎంత తేలికపడ్డాడో! ఇంటికి వెళ్తూ ఈల వేశాడు. నేను జేబులో ఉడికిపోయాను. పుస్తకానికి నోరుండదు. ఉన్న నోరంతా అచ్చులోనే. అదీ చదివేవాడు ఎలా తెరిస్తే అలా తెరుచుకుంటుంది. గాలికి ఆ పేజీయే తెరుచుకునేలా చూశాను. ఎన్నిసార్లు తెరుచుకున్నా ఆయన చదివింది తను రాసుకున్నదే.

సుంకమ్మకు చదువు రాదు. అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఏమయ్యా, దీవళి పోయినంక వదినను చూసొద్దామంటివే. ఏమాయె?"

"ఆయమ్మే రావల్ల. పొమ్మన్నది ఆయమ్మ గదా. బుక్కులో కూడా అట్లే ఉండాది. ఎదురుసూసేటోడు బాధపడేది ల్యా అని."

"అంటే నీకు బాధ ల్యాదా?"

"ల్యా."

"మరి ఆ ఒక్క కాగితమే యాల అట్ల నలిగింది?"

సుంకమ్మ నన్ను తీసి చూపించిన పేజీ అదే. మూల మాసి, మెత్తబడి, వేలిముద్ర ఆకారంలో నల్లగా అయిపోయింది. అక్షరం ముక్క రాని మనిషి నన్ను చదివింది, నాలుగేళ్ళు నాతో కాపురం చేసినవాడు చదవలేదు.

ఇంకో ఏడాది గడిచేది, ఐదేళ్ళూ గడిచేవేమో. ఇసబెల్ అనే డాక్టరమ్మ మందుల పెట్టెల కోసం పార్సిల్ ఆఫీసుకు రావడంతో గడవలేదు. ఆవిడ స్పెయిన్ నుంచి వచ్చి ఆ జిల్లాలోనే ఒక పల్లెలో చిన్న ఆసుపత్రి నడుపుతోంది. పన్నెండేళ్ళు పల్లె ఆడవాళ్ళ మధ్య ఉండి తెలుగు నేర్చింది. కళ్ళు మూసుకుని వింటే పుట్టింది ఇక్కడే అనుకుంటారు. పెట్టెల మీద స్పెయిన్ ఊరి పేరు చూసి కంబగిరి రాస్తున్న రసీదు ఆపేశాడు. నన్ను తీసి కౌంటరు మీద పెట్టాడు.

"అయ్యో, మా ఊరి బుక్కు!" అంది డాక్టరమ్మ. "నువ్వు సదివినావా అప్పా? నిజంగానే?"

ఆవిడ బండికి ఇంకా రెండు గంటలుంది. కంబగిరి ఫారాల కట్ట తెచ్చి పరిచాడు. ఆవిడ ఒక్కొక్కటే చదివి, "శానా బాగుండాది," అంటూ పోతోంది. ఆయన మొహం వెలిగిపోతోంది. ఎనభై మూడు దగ్గర ఆవిడ ఆగింది. నా వైపు చూసింది, ఫారం వైపు చూసింది.

"ఇది తప్పప్పా."

"యాడ తప్పు డాక్టరమ్మా? డిక్షనరీలో ఎదురుసూడటమనే ఉండాది."

"ఉండాది. ఆశ అని కూడా ఉండాది గదా? ఇది ఆశ. అంటే, ఆశ ఉండేవాళ్ళు కూకోరు, లేసి పోతారని. నువ్వేమో పోనక్కర ల్యా అన్నట్ల రాసినావు. మొత్తం తలకిందులైపాయె."

"అట్ల కూడా సదవొచ్చు గదా?"

"సదవకూడదు."

"మీరు డాక్టరు గదమ్మా. పాత భాష ఇది. మీకు కూడా..." కంబగిరి గొంతు పెరిగింది. స్పెయిన్‌లో పుట్టిన మనిషికి స్పానిష్ నేర్పబోయాడు! పార్సిల్ ఆఫీసంతా తలలు తిప్పింది. "నేను నెలన్నర కూసొని రాసినానమ్మా. ప్రతి మాటా తూకమేసి రాసినా. అది తప్పయితే నేను..."

డాక్టరమ్మ నెమ్మదిగా నన్ను మూసి ఆయన వైపు జరిపింది.

"ఎవరికోసం అప్పా ఇంత కొట్లాడుతాండావు?" అని మాత్రం అడిగింది. జవాబు కోసం నిలబడలేదు. పెట్టెలు ఎత్తించుకుని వెళ్ళిపోయింది.

కంబగిరి కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు. రెండు రసీదులు రాశాడు, రెండూ తప్పు రాశాడు. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చినవాడికి పని అప్పజెప్పి, ఇంటికి వెళ్ళకుండా, అన్నం తినకుండా, ప్లాట్‌ఫారం మీదికొచ్చిన ఆదోని బండి ఎక్కాడు. రైలుపెట్టె సగం ఖాళీ. ఆయన మాత్రం దారి పొడుగునా తలుపు దగ్గరే నిలబడ్డాడు. జేబులో నా అట్ట చెమటకు తడిసింది. ఎర్ర రంగు చొక్కాకు అంటింది.

తిప్పమ్మ అంగడి మార్కెట్టు గోడకు ఆనుకుని ఉంది. రేకు కప్పు, రెండు బల్లలు, మూకుట్లో నూనె కాగుతోంది. అరవై దాటకముందే వంగిపోయిన మనిషి. కంబగిరి వచ్చి నిలబడ్డాడు. ఆమె తల ఎత్తి చూసింది. గుర్తుపట్టింది. ఆ చేతిలో జల్లిగరిట ఒక్క క్షణం ఆగడం నేను చూశాను. తరవాత మళ్ళీ బజ్జీలు తిప్పింది.

"కూకో. ఏం గావల్ల?" బేరానికి వచ్చినవాణ్ణి అడిగినట్టు అడిగింది.

"అక్కా..."

"ఉగ్గాని ఉండాది, బజ్జీ ఉండాది. ఏం గావల్ల?"

"ఉగ్గాని."

ప్లేటు పెట్టి, నీళ్ళు పెట్టి, పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. కంబగిరి తిన్నాడు. ఇద్దరు హమాలీలు వచ్చి తిని వెళ్ళారు. ఇంకో ముగ్గురు వచ్చారు. ఆమె అందరితో మాట్లాడింది, పిల్లల క్షేమం అడిగింది, ఒకణ్ణి తిట్టింది కూడా. తమ్ముడి వైపు మాత్రం రాలేదు. జనం పలచబడ్డాక తనే వచ్చి ప్లేటు తీస్తూ, వాడి మొహం చూడకుండా అంది:

"ఆయప్ప సచ్చిపోయిన పొద్దు శవాన్ని సాయంత్రం దాకా ఉంచినా. ప్రతి బండికీ మనిషిని టేసనుకు పంపినా. మూడు బండ్లు. అందరూ ఏమంటాండారో తెల్సా? ఎవురికోసమమ్మా ఈ కాపు అని. నా తమ్ముడొస్తాడంటి. తాగుబోతే, కొట్నోడే, నాకు తెల్వదా? నేను కాపు కాసింది ఆయప్ప కోసం కాదు. నేను ఒంటిదాన్ని కూకోనుంటి, అందుకు."

"కబురు..." అన్నాడు కంబగిరి.

నాలుగేళ్ళుగా నేను విన్న వాక్యం వస్తుందనుకున్నాను. మర్నాటికి గానీ అందలేదనే వాక్యం. అక్క కూడా దానికోసమే చూస్తున్నట్టు అనిపించింది. ఆ మాట అంటే ఆమె నమ్మేదేమో. ఇద్దరికీ సులువుగా ఉండేది.

"కబురు పొద్దున్నే వచ్చిందక్కా," అన్నాడు కంబగిరి. "ఎనిమిది గంటలకే. కౌంటరు కాడికే వచ్చి చెప్పినారు. నేనే రాల్యా. నువ్వు అందరి ముందర పొమ్మంటివి గదా, నువ్వే పిలవల్ల అనుకుంటి. తొమ్మిదిన్నర బండి పోతాంటే సూస్తా నిలబడినా. పన్నెండు బండి కూడా. సుంకమ్మకు కూడా అబద్ధం చెప్పినా."

నాలో అబద్ధం గురించి తొమ్మిది వాక్యాలున్నాయి. తొమ్మిదీ ఈయన తెలుగు చేశాడు, ఒక్కటీ తప్పు పోలేదు. వాటిని చేస్తున్నంతసేపూ లోపల ఇది పెట్టుకునే చేశాడా అని నాకు ఒళ్ళు జలదరించింది. మనుషుల గురించి నాకు తెలుసనుకున్నదంతా ఆ క్షణాన పలచబడిపోయింది.

తిప్పమ్మ ప్లేటు పట్టుకుని అలాగే నిలబడింది. ఆ తరవాత ప్లేటు కింద పెట్టి, తమ్ముణ్ణి చెంప మీద కొట్టింది. గట్టి దెబ్బే. బయట ఎద్దులబండి తోలేవాడు తిరిగి చూశాడు. కంబగిరి కదల్లేదు. కొట్టిన చెయ్యి వెనక్కి పోలేదు, అక్కడే, వాడి చెంప మీదే ఉండిపోయింది.

"ఎంత సిక్కిపోయినావురా," అంది. "ఆ పిల్ల కూడు పెడతాందా ల్యాదా?"

ఆయన ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. కొంగుతో నుదురు తుడుచుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. క్షమించానని అనలేదు. బండి వేళయిందని తనే గుర్తు చేసింది.

"మళ్ళ రావల్నా అక్కా?"

"సుంకమ్మను తోడుకోనిరా. నువ్వొక్కనివే వస్తే పెట్టను."

ఆ తొందరలో ఆయన మొహం కడుక్కోవడానికి చొక్కా విప్పి, నన్ను బల్ల మీద పెట్టి, అక్కడే మరిచిపోయి వెళ్ళిపోయాడు. నన్ను మరిచిపోవడం మనుషులకు కొత్త కాదు. కానీ ఈసారి నాకు కోపం రాలేదు. ఉత్త కంగారు మాత్రం వచ్చింది, ఇక నేనెవరికి పని అని.

ఆ సంగతి తిప్పమ్మ మర్నాడే తేల్చింది. నా పేజీలు సరిగ్గా రెండు బజ్జీలకు సరిపడే కొలతలో ఉన్నాయి. నన్ను ఇనప మేకుకు గుచ్చి పొయ్యి పక్కన వేలాడదీసింది. మొదట అసూయ పోయింది, తరవాత స్నేహం పోయింది. ఓర్పు గురించిన పదకొండు పేజీలూ ఒక్క సంత రోజున అయిపోయాయి. బేస్తవారం కంబగిరికి సెలవు. సుంకమ్మను తీసుకుని వచ్చాడు. మేకు మీద నన్ను చూశాడు. వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ తరవాత ప్రతి బేస్తవారమూ వస్తున్నాడు. వచ్చిన గంటలోపే ఏదో ఒకదానికి అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ పోట్లాడుకుంటారు. ఉప్పు ఎక్కువైందంటాడు, ఆమె ప్లేటు లాక్కుంటుంది, సుంకమ్మ మధ్యలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ ఉంటుంది. నన్ను ఇంటికి తీసుకెళ్తానని ఆయన ఒక్కసారీ అనలేదు. ఆయన రాసుకున్న ఫారాలు ఏమయ్యాయో నాకు తెలియదు.

ఇప్పుడు నాకు పంతొమ్మిది కాగితాలు మిగిలాయి. పొయ్యి సెగకు అవి ఊరికే ఊగుతూ ఉంటాయి. పోయిన పేజీలు ఊరంతా తిరుగుతున్నాయి. పత్తి బస్తాల మీద, మురిక్కాలవ ఒడ్డున, ఎవరి పంచె అంచులోనో. నేను ఒకేసారి ఇన్నిచోట్ల ఉన్నది ఎప్పుడూ లేదు.

ఇవాళ పొద్దున ఒక హమాలీ బజ్జీలు తిని, చేతిలో మిగిలిన కాగితాన్ని పారేయబోయి ఆగాడు. నూనెకు అక్షరాలు నల్లగా తేలి ఉన్నాయి. వెలుగుకు పట్టి చూశాడు.

"ఏందవ్వా ఇది, ఏం రాసుండాది దీంట్ల?"

తిప్పమ్మ మూకుట్లోంచి కళ్ళు తిప్పలేదు. "నాకేం తెల్సురా. పారెయ్యొద్దు, మడిసి పెట్టుకో. బేస్తారం మా తమ్ముడొస్తాడు, సదివి చెప్తాడు."